బోదకాలు మాత్ర వెనుక భీమవరం మేధావి

జగిత్యాల: బోదకాలు నివారణ కార్యక్రమం జరిగే రోజుల్లో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి డీఈసీ మాత్రలు పంపిణీ చేయడం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రజలకు పరిచితమే. పూర్వపు కరీంనగర్ జిల్లాను దశాబ్దాలుగా పీడించిన వ్యాధి ఇది. బీడీలు చుట్టే మహిళలు, మరమగ్గాల కార్మికులు ఎందరో దీని బారిన పడి ఉపాధికి దూరమయ్యారు. ఆ మాత్రను వెలువరించిన పరిశోధనాలయానికి సారథ్యం వహించినవారు ఒక తెలుగువారన్న సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఓటములతో ఆరంభం

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. పేదరికం, తండ్రి అనారోగ్యం చదువుకు ఆటంకమయ్యాయి. మెట్రిక్యులేషన్‌లో మూడో ప్రయత్నంలో గానీ ఉత్తీర్ణులు కాలేదు. అనంతరం మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు ఆర్థిక సాయం చేశారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎంబీబీఎస్ పట్టాకు బదులు దానికన్నా తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ రోజుల్లోనే స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఆయన సోదరులు ఇద్దరిని కొద్దిరోజుల వ్యవధిలో బలిగొన్నది. సుబ్బారావు సైతం అదే వ్యాధికి లోనై, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. కొంతకాలం మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు. తరువాత భార్య శేషగిరిని స్వదేశంలో విడిచి అమెరికా పయనమయ్యారు. ఆ దంపతులు మళ్లీ కలుసుకోలేదు.

హార్వర్డ్‌లో చేదు అనుభవం

బోస్టన్‌లో అడుగిడిన ఆయన ఆసుపత్రిలో రాత్రివేళ చిన్నపాటి కొలువు చేస్తూ హార్వర్డ్‌లో విద్య అభ్యసించారు. రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా అది నేటికీ జీవరసాయన శాస్త్ర గ్రంథాల్లో నిలిచి ఉంది. కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోనూ, జీవకణాలకు శక్తినిచ్చే ఏటీపీని 1929లోనూ వారు వెలికితీశారు. ఏటీపీని అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా కనుగొన్నారు. 1930లో సుబ్బారావు డాక్టరేట్ పొందారు. ఇంతటి కృషి చేసినా హార్వర్డ్‌లో స్థిరమైన ఆచార్య పదవి మాత్రం దక్కలేదు. 1940లో ఆయన ఆ విశ్వవిద్యాలయాన్ని వీడి, న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ పరిశోధనాలయంలో చేరారు.

ఎనిమిదేళ్లలో మహత్తర ఫలితాలు

లెడర్లీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధి చికిత్సకు ఉపకరించే మందు అదే కావడం విశేషం. గ్రామాల్లో గర్భిణులకు ఇస్తున్న ఐరన్ ఫోలిక్ మాత్రలోనూ ఉన్నది ఈ ఆమ్లమే. ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్‌ను కూడా అక్కడే రూపొందించారు. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానిని రక్త క్యాన్సర్‌తో బాధపడుతున్న 16 మంది చిన్నారులకు ఇవ్వగా 10 మందిలో తాత్కాలికంగా మెరుగుదల కనిపించినట్లు 1948లో వెల్లడించారు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్‌ను వైద్యులు క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి నేటికీ వాడుతున్నారు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులు బోదకాలు క్రిముల బారిన పడ్డారు. దీంతో ఆ వ్యాధికి మందు కోసం అన్వేషణ ఊపందుకుంది. సుబ్బారావు నేతృత్వంలోని పరిశోధకులు అనేక రసాయనాలను జంతువులపై పరీక్షించి చివరకు డైఇథైల్‌కార్బమజైన్‌ను ఎంపిక చేశారు. 1947లో వెలుగుచూసిన ఆ మందే హెట్రజాన్. డీఈసీ అన్నది దాని పొడి పేరు.

పేటెంటులో లేని పేరు

ఉద్యోగి కనుగొన్న మందుపై హక్కు సాధారణంగా సంస్థకే చెందుతుంది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో తొలి మందు ఆరియోమైసిన్‌ను సుబ్బారావు సారథ్యంలోని సంస్థలో వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ కనుగొన్నారు. 1949 సెప్టెంబరు 13న డగ్గర్ పేరిట పేటెంటు మంజూరై, లెడర్లీ మాతృసంస్థ అమెరికన్ సైనమిడ్‌కు దఖలైంది. అప్పటికి సుబ్బారావు కన్నుమూసి ఏడాది దాటింది. బృందంలోని వారికే గుర్తింపు దక్కాలని భావించిన ఆయన వేదికలకు, ప్రచారానికి దూరంగా మసలారు. 1948 ఆగస్టులో తన 53వ ఏట గుండెపోటుతో మరణించే నాటికి అమెరికా పౌరసత్వం కూడా స్వీకరించలేదు. భారత ప్రభుత్వం శతజయంతి సందర్భంగా 1995లో ఆయన స్మారక తపాలా బిళ్లను విడుదల చేసింది.

మింగితేనే ప్రయోజనం

మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ బోదకాలు క్రిమిని ఒకరినుంచి మరొకరికి చేరవేస్తుంది. డీఈసీ మాత్ర రక్తంలోని సూక్ష్మ క్రిములను నశింపజేసి ఈ గొలుసును తెంచుతుంది. పెద్ద క్రిములు శరీరంలో ఏళ్ల తరబడి జీవిస్తాయి గనుక ఏటా ఒక మోతాదు చొప్పున కొన్ని సంవత్సరాలు వాడాలి. 100 మిల్లీగ్రాముల మాత్రలను 2 నుంచి 5 ఏళ్లవారికి ఒకటి, 6 నుంచి 14 ఏళ్లవారికి రెండు, 15 ఏళ్లు దాటినవారికి మూడు చొప్పున భోజనానంతరం ఇస్తారు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారికి ఇవ్వరు. కొందరికి స్వల్ప జ్వరం, తలనొప్పి రావచ్చు. క్రిములు చనిపోతున్నందున కలిగే ఈ లక్షణాలకు బెదిరి పలువురు మాత్రలను పక్కన పడేస్తుంటారు. అప్పటికే వాచిన కాలును ఈ మాత్ర యథాస్థితికి తీసుకురాలేదు. అటువంటి బాధితుల కోసమే తెలంగాణ ప్రభుత్వం 2018లో పింఛను ప్రారంభించింది.

జపాన్‌కు చెందిన ఎయిసాయ్ సంస్థ విశాఖపట్నంలోని తన కర్మాగారంలో డీఈసీ తయారుచేసి 2013 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా పేద దేశాలకు ఉచితంగా పంపసాగింది. తెలుగునేల నుంచి వెళ్లిన మేధావి కృషి ఫలం ఆ విధంగా తిరిగి తెలుగునేల మీదుగానే లోకానికి చేరింది. మన ఊళ్లలో మాత్రం చేతికందిన మాత్ర గూటిలోనే మిగిలిపోతే క్రిమి రక్తంలోనే ఉంటుంది, దోమ దానిని పొరుగింటికి మోస్తుంది.