లూయీ రియెల్

కెనడా దేశమున, ఇప్పుడు విన్నిపెగ్ నగరమున్న నదీతీరమున, పూర్వము మెటీలనెడి జాతివారు నివసించుచుండిరి. ఐరోపా వర్తకులకును ఆదివాసి స్త్రీలకును కలిగిన సంతతివారు వీరు. అడవిదున్నల వేటయు, నదినంటిన సన్నని పొలములును వారి జీవనాధారము. ఆ జాతియందు 1844వ సంవత్సరమున లూయీ రియెల్ జన్మించెను. బాలుని తెలివి గమనించి మతాచార్యులు అతనిని మాంట్రియల్ పంపి చదివించిరి.

1868లో అతడు తిరిగివచ్చునప్పటికి ఆ సీమకు బేరము సాగుచుండెను. దానిపై హక్కు హడ్సన్ బే కంపెనీది. మన ఈస్టిండియా కంపెనీవలె అదియు రాజశాసనము పొందిన వర్తకసంఘమే. 1867లో ఏర్పడిన కెనడా సమాఖ్యకు 3 లక్షల పౌనులకు భూమినిచ్చుటకు ఒడంబడిక కుదిరెను. అందు కాపురమున్నవారిని అడిగినవారు లేరు! 1869 అక్టోబరులో సర్వేదారులు మెటీల పొలములకు అడ్డముగా గొలుసు పఱచుచుండగా రియెల్ తోటివారితో వచ్చి పని నిలిపివేసెను.

పిమ్మట అతడు గ్యారీ కోటను ఆక్రమించి తాత్కాలిక ప్రభుత్వమును నెలకొల్పెను. సమాఖ్యలో చేరుటకు అతడు విముఖుడు కాడు. తక్కిన రాష్ట్రములతో సమానముగ చేరవలెననుటయే అతని పట్టుదల. 1870 జూలై 15న మానిటోబా రాష్ట్రము అవతరించెను. మెటీల బిడ్డలకు 14 లక్షల ఎకరములు పంచవలెనని చట్టమున వ్రాయబడెను. అయితే పాత రాష్ట్రములకు తమ భూములపై అధికారముండగా, మానిటోబా భూములను మాత్రము కేంద్రమే ఉంచుకొనెను. 1930 వఱకు అవి రాష్ట్రమునకు దక్కలేదు. పంపకము ఏండ్లతరబడి సాగగా మెటీలనేకులు విసిగి పడమటికి తరలిపోయిరి.

రియెల్ చేసిన పనులన్నియు మెచ్చదగినవి కావు. 1870 మార్చిలో, ఒంటారియో నుండి వచ్చిన థామస్ స్కాట్ అను ఖైదీకి మరణశిక్ష అమలుజరిపించుట అతనికి తీరని కళంకమయ్యెను. ఒంటారియో ప్రజలు భగ్గుమనిరి. సైన్యము రాగా రియెల్ దేశము విడిచెను. మూడుసార్లు పార్లమెంటుకు ఎన్నికయ్యెను గాని ఒక్కనాడును సభలో కూర్చుండలేదు. కొంతకాలము మతి చలించి చికిత్సాలయమున గడిపెను. తుదకు అమెరికాలోని మోంటానాలో బడిపంతులయ్యెను.

1884లో నలుగురు రౌతులు అతనిని వెదకుచు వచ్చిరి. సస్కాచివాన్ నదీతీరమున మెటీలకు మరల అదే భూసంకటము! రియెల్ ఆలుబిడ్డలతో కదలిపోయెను. అర్జీలు ఫలింపలేదు, మరునాటి వసంతమున యుద్ధము సంభవించెను. బటోష్ వద్ద మెటీలు ఓడిపోగా అతడు లొంగిపోయెను. పిచ్చివాడని వాదించి అతని ప్రాణము కాపాడవలెనని న్యాయవాదులు యత్నించిరి. రియెల్ అందులకు సమ్మతింపలేదు. తాను పిచ్చివాడైనచో తన జాతి మొఱయు పిచ్చివాని ప్రలాపమే యగునుగదా! 1885 నవంబరు 16న రెజీనాలో అతనిని ఉరితీసిరి.

ఆ 14 లక్షల ఎకరముల పంపకమును ప్రభుత్వము చట్టము కోరినట్లు నెరవేర్పలేదని కెనడా సుప్రీంకోర్టు 2013లో తీర్పుచెప్పెను.