ఫ్రాంక్ హార్న్‌బీ జీవితచరిత్రము

సంక్రాంతి దినములలో మన యిండ్లయందు బొమ్మల కొలువు తీర్చునప్పుడు కొండపల్లి యేనుగు ప్రక్కన అంతకంటె పెద్దదైన మట్టి చిలుకను నిలిపినను ఎవ్వరును తప్పు పట్టరు. కొలువునకు అందము ప్రధానము గాని కొలత ప్రధానము గాదు. కాని చిన్న మోటారు కార్ల నమూనాలను కూర్చవలెనని కోరిక గల బాలునకు మొదటి దినముననే ఒక ప్రశ్న యెదురగును. అసలు కారులో ఎన్నవ వంతు కారును తాను కూర్చవలెను? ఈ వంతునే స్కేలు అందురు. లోకమున మిక్కిలి వాడుకలో నున్న స్కేలులలో 43వ వంతు ఒకటి. పది గాదు, ఏబది గాదు, నూరు గాదు. ఈ వింత సంఖ్య యెక్కడనుండి వచ్చెను? దాని పుట్టుక తెలియవలెనన్న ఒక సామాన్య గుమాస్తా జీవితమును తెలిసికొనవలెను. అతడే ఫ్రాంక్ హార్న్‌బీ.

హార్న్‌బీ 1863వ సంవత్సరము మే నెల 15వ తేదీన ఇంగ్లండు దేశమునందలి లివర్‌పూలు నగరమున జన్మించెను. తండ్రి జాన్ హార్న్‌బీ ఆహారవస్తువుల వర్తకుడు. ఫ్రాంకు పదునారవ యేట బడి విడిచి తండ్రి వ్యాపారములో డబ్బు లెక్కలు చూచు పనియందు కుదిరెను. యంత్రశాస్త్రమును ఏ కళాశాలయందును అభ్యసించినవాడు కాడు. అయినను బాల్యమునుండియు పనిముట్లపై మక్కువ గలవాడు. శామ్యూల్ స్మైల్స్ స్వయంకృషినిగూర్చి వ్రాసిన గ్రంథమును చదివి, దానియందలి శిల్పులవలె తానును ఏదియో నొకటి కనిపెట్టవలెనని ఉవ్విళ్లూరెను. ఆగకుండ తనంతట తానే తిరుగుచుండు యంత్రమును చేయబూని విఫలుడయ్యెను. అట్టి యంత్రము ప్రకృతి నియమములకు విరుద్ధమగుటచే ఎవ్వరికిని సాధ్యము గాదు. కాని ఆ శ్రమ పూర్తిగా వ్యర్థము కాలేదు; చేతికి నేర్పును మనస్సునకు ఓర్పును అలవడెను. 1887వ సంవత్సరము జనవరిలో అతడు క్లారా గోడ్‌ఫ్రాయ్ అను ఉపాధ్యాయినిని వివాహమాడెను. వారికి రోలండ్, డగ్లస్ అను కుమారులు కలిగిరి.

1899వ సంవత్సరము హార్న్‌బీ జీవితమున కష్టకాలము. మన నెల్లూరుమీదుగా చెన్నపట్టణమును బెజవాడను కలుపు రైలుమార్గము ఏర్పడిన సంవత్సరము అదియే. ఆ సంవత్సరమున హార్న్‌బీ తండ్రి మరణించెను, వ్యాపారము మూతపడెను. ముప్పదియారేండ్ల వయస్సున, భార్యాబిడ్డలను పోషింపవలసిన బాధ్యతతో, అతడు మాంసము దిగుమతి చేసికొను డేవిడ్ ఎలియట్ అను వర్తకుని వద్ద లెక్కలు వ్రాయు గుమాస్తాగా చేరెను. ఆ వయస్సున పరుల కొలువునకు చేరినవాడు ఇక తన బ్రదుకింతేయని అనుకొనుట సహజము. హార్న్‌బీ అట్లనుకొనలేదు. పగలు కచేరీలో లెక్కలు వ్రాసి, రాత్రులు ఇంటియందు కుమారులకొఱకు రేకులు కత్తిరించి వంతెనలు, బండ్లు, బరువులెత్తు క్రేనులు చేయుచుండెను.

ఇందులో ఒక చిక్కు కలదు. ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క భాగమును వేరువేరుగా కత్తిరింపవలసి వచ్చెను. బొమ్మపై పిల్లలకు మోజు తీరినంతనే ఆ శ్రమ యంతయు మూలబడుచుండెను. క్రిస్టమస్ పండుగకు ముందు జరిగిన యొక రైలు ప్రయాణమున అతనికి ఒక ఉపాయము తోచెను. భాగములన్నియు ఒకే కొలతకు లోబడి యుండినయెడల, నేడు వంతెనకు వాడిన పట్టీనే రేపు క్రేనునకు వాడవచ్చును గదా! వెంటనే అతడు అర అంగుళము వెడల్పుగల రేకు పట్టీలను కత్తిరించి, వానియందు అర అంగుళమున కొకటి చొప్పున బెజ్జములు వేసెను. ఏ పట్టీని ఏ పట్టీపై నుంచినను బెజ్జములు కలియును. బోల్టును నట్టును బిగించినచో నిలుచును. విప్పినచో మరల పనికివచ్చును. చూచుటకు ఇది అల్పవిషయము. కాని తర్వాత వచ్చిన వైభవమునకంతయు ఈ అర అంగుళమే పునాది. మొదట నిర్ణయించిన కొలతను అతడు మార్చలేదు. అందుచేత తొలి పెట్టెను కొన్న బాలుడు తరువాతి యేట కొన్న భాగములను దానికి జతపరచుకొనగలిగెను. పాతది పాడుగాక, క్రొత్తది వేఱుగాక, కూర్పు పెరుగుచు పోయెను.

ఈ యుక్తిని కాపాడుకొనుటకు పేటెంటు కావలెను. పేటెంటునకు రుసుము కావలెను. గుమాస్తా చేతిలో ఆ సొమ్ము లేదు. యజమానియైన ఎలియటే అయిదు పౌనులు అప్పిచ్చెను. 1901వ సంవత్సరమున పేటెంటు లభించెను. 1902లో ఏడు షిల్లింగుల ఆరు పెన్నీల వెలకు తొలి పెట్టెలు అంగళ్లకు వచ్చెను. ఒక్కొక్క పెట్టెయందు 16 విధముల భాగములు మాత్రమే యుండెను. లివర్‌పూలు విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రాచార్యుడైన హీల్ షా వానిని మెచ్చుకొని యోగ్యతాపత్ర మిచ్చెను. 1903లో సుమారు 1,500 పెట్టెలు అమ్ముడుపోయినను లాభము రాలేదు. 1906వ సంవత్సరమున గాని స్వల్పలాభము కంటబడలేదు. అప్పుచేసి ప్రారంభించిన పనియందు నాలుగైదేండ్లు లాభము లేకున్నను చేతులు ముడువక నిలుచుట ఎంత కష్టమో, సంసారభారము మోయు తలిదండ్రులకు వేఱుగ చెప్పనక్కరలేదు.

1907లో అతడు గుమాస్తా పనిని విడిచి, లివర్‌పూలులోని డ్యూక్ వీధియందు చిన్న కర్మశాలను అద్దెకు తీసికొని, భాగములను తానే చేయింపసాగెను. ఆ సంవత్సరమే తన బొమ్మలకు మెకానో అను పేరు నమోదు చేయించెను. 1908వ సంవత్సరమున మెకానో కంపెనీ స్థాపితమయ్యెను. 1914లో బిన్స్ రోడ్డునందు పెద్ద కర్మాగారము వెలసెను. 1916లో బాలురకొఱకు మెకానో పత్రిక బయలువెడలెను. ఆ పెట్టెలు సముద్రములు దాటి అనేక దేశములకు చేరెను.

మొదటి మహాయుద్ధమునకు పూర్వము బొమ్మ రైళ్లు విశేషముగా జర్మనీనుండి వచ్చుచుండెను. యుద్ధానంతరము, 1920లో, హార్న్‌బీ తన పేరుతోనే కీ యిచ్చిన నడచు రైళ్లను తయారుచేయించెను. ఇచ్చట అతడు క్రొత్త కొలతను కల్పింపలేదు. అప్పటికే వాడుకలోనున్న ఓ గేజి అను 32 మిల్లీమీటర్ల పట్టాల యెడమును స్వీకరించెను. తనకు ముందున్న మంచి కొలతను కాదని క్రొత్తదానిని పెట్టుట గొప్ప గాదని అతడెఱుగును. ఈ గేజికి ఇంగ్లండులో అసలు బండియొక్క ఒక అడుగునకు 7 మిల్లీమీటర్లు అను లెక్క యేర్పడినది. అడుగునకు 304.8 మిల్లీమీటర్లు గనుక, దానిని 7 చేత భాగించిన 43.5 వచ్చును. విద్యార్థులారా, మనము వెదకిన వింత సంఖ్యకు మూల మిదియే. అదే గేజికి జర్మనీలో 45వ వంతును, అమెరికాలో 48వ వంతును వాడుదురు. మన నెల్లూరు రైలుమార్గపు పట్టాల యెడము అయిదడుగుల ఆరంగుళములు గనుక, ఇంగ్లండు లెక్కప్రకారము దాని నమూనాకు 38.5 మిల్లీమీటర్లు కావలెను, 32 చాలదు. కాబట్టి ఒక్క పట్టాల యెడమునే చూచి స్కేలును నిర్ణయింపరాదు.

రైలు ఉన్నచోట స్టేషను ఉండవలెను. స్టేషను ముందు బండ్లు ఉండవలెను. 1933వ సంవత్సరాంతమున రైళ్లకు తోడుగా ఆరు చిన్న బండ్లు గల పెట్టె యొకటి వెలువడెను. అందు రెండు కార్లు, ఒక లారీ, ఒక సరకుల బండి, ఒక ట్రాక్టరు, ఒక యుద్ధపు టాంకు ఉండెను. 1934లో వీనికి డింకీ టాయ్స్ అను పేరు వచ్చెను. అనతికాలములో ఈ కార్లు రైలునకు తోడుగా గాక తమంతట తామే బాలుర కోరికకు పాత్రములయ్యెను. రైలు ప్రక్కన నిలుచుటకు పుట్టినవి గనుక వాని కొలత ఇంచుమించు 43వ వంతు. హార్న్‌బీ రైలు మఱచిన బాలురు గూడ ఆ కొలతను మఱువలేదు. ఇతర దేశములలోని తయారీదారులును దానినే అవలంబించిరి.

అయితే అన్ని వస్తువులకు ఒకే స్కేలు పనికిరాదు. 1934లో అదే కర్మాగారమునుండి వెలువడిన యుద్ధనౌకల నమూనాలు 1,800వ వంతున చేయబడెను. దీని కారణమును మన యూరి కొండతోనే గ్రహింపవచ్చును. ఉదయగిరి కొండ యెత్తు సుమారు 3,000 అడుగులు. దానిని 43వ వంతున చేసినయెడల నమూనా 70 అడుగుల యెత్తుండును. ఏ బడిగదియందును పట్టదు. 1,800వ వంతున చేసినచో 20 అంగుళములే, బల్లపై నిలుచును. కాని ఆ కొండ పాదమున అదే స్కేలున ఒక కారును నిలిపినచో, అది రెండున్నర మిల్లీమీటర్లుండి నువ్వుగింజను పోలియుండును. కొండకు తగిన స్కేలు కారునకు తగదు.

కార్లనే కూర్చదలచినవారు ఈ లెక్కను గమనింతురు గాక. 2014వ సంవత్సరము వరకు మన దేశమున తయారైన అంబాసిడర్ కారు పొడవు సుమారు 4,300 మిల్లీమీటర్లు. దాని నమూనా 18వ వంతున సుమారు 240 మిల్లీమీటర్లు, 43వ వంతున 100 మిల్లీమీటర్లు, 64వ వంతున 67 మిల్లీమీటర్లు ఉండును. మూడడుగుల అలమార పలకపై కొంచెము ఎడమెడముగా ఒకే వరుసను పొడవున నిలిపినచో మొదటివి 3, రెండవవి 8, మూడవవి 12 పట్టును. పెద్ద నమూనాయందు తలుపులు తెరచి లోపలి చక్రమును, యంత్రమును చూడవచ్చును. కాని చోటెక్కువ, వెలయు సాధారణముగ నెక్కువ. చిన్నదానియందు సంఖ్య పెరుగును, సూక్ష్మభాగములు తరుగును. 43వ వంతు ఈ రెంటికి నడుమనున్నది. పొడవు రెండింతలైనచో చోటు రెండింతలు గాదు. నిడివి, వెడల్పు, ఎత్తు కలిసి ఎనిమిదింతలగునని గణితమున మీరు చదివియే యున్నారు.

స్కేలును పాటింపక, పెట్టెను పాటించినవారును గలరు. 1953లో ఇంగ్లండున పుట్టిన మ్యాచ్‌బాక్స్ బొమ్మలు అగ్గిపెట్టెవంటి పెట్టెలో పట్టవలెనను నియమముతో చేయబడెను. అందుచేత పెద్ద బస్సును చిన్న కారును పెట్టెలో సమానముగ నమరును. ప్రక్కప్రక్కన నిలిపినచో బస్సు బస్సువలె కనబడదు. వానియందును సొగసు కలదు. కాని ఏ కారు పెద్దది, ఏది చిన్నదియని పోల్చి తెలిసికొనగోరువాడు ఒకే స్కేలును పట్టుకొనుట మేలు.

హార్న్‌బీ 1931వ సంవత్సరమున లివర్‌పూలులోని ఎవర్టన్ నియోజకవర్గమునుండి పార్లమెంటు సభ్యుడుగా ఎన్నికయ్యెను. 1935 ఎన్నికలనాటికి ఆ బాధ్యతనుండి తప్పుకొనెను. 1936వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన, హృద్రోగమునకు మధుమేహము తోడగుటచే, తన డెబ్బది మూడవ యేట లివర్‌పూలున మరణించెను. మాగల్ గ్రామపు దేవాలయ ప్రాంగణమున ఆయన సమాధి కలదు. 1938లో అతని సంస్థ తక్కువ చోటు గల యిండ్లకొఱకు 76వ వంతు చిన్న రైళ్లను వెలువరించెను. బిన్స్ రోడ్డు కర్మాగారము 1979వ సంవత్సరము నవంబరులో మూతపడెను.

అతని కాలపు కార్లలో కొన్ని నేడు నిలువలేదు. యశదపు లోహమిశ్రమములో సీసము మొదలగు మలినములు చేరినవి కాలక్రమమున పగుళ్లిచ్చి పొడియై పోయినవి. శుద్ధమైన లోహముతో పోసినవి తొంబదియేండ్లు దాటియు చెక్కుచెదరక యున్నవి. కొలత సరిగానుండిన చాలదు, సరకును శుద్ధముగా నుండవలెనని అవి తెలుపుచున్నవి.

ఉదయగిరి కొండల కలపతో గరిటెలు, చెంచాలు మలచు మన పనివారి చేతులలో ఈ సత్యము నిత్యము కనబడుచున్నది. పదునైన ఉలి యున్నను తగిన కఱ్ఱను ఎన్నుకొననివాని గరిటె నిలువదు. ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతముల బాలురకు అంగడి కార్లు దొరకకున్నను చింత లేదు. మన యెద్దుబండిని టేపుతో కొలిచి, ప్రతి కొలతను పదింట భాగించి, కఱ్ఱతో చేసినచో అదియు స్కేలు ప్రకారమైన నమూనాయే యగును. రెండవ బండిని గూడ ఆ పదవ వంతుననే చేయవలెను. హార్న్‌బీ అయిదు పౌనుల అప్పుతో బయలుదేరి లోకమునకెల్ల బొమ్మల నందించుటకు మూలము అతని ధనము గాదు, చదువు గాదు. ఆలోచించి ఒక కొలతను ఎన్నుకొనుట, లాభము రాని యేండ్లలో గూడ దానిని విడువకుండుట, ఈ రెండే ఆయన మూలధనము.