మాక్స్ ఫాక్టర్

మాక్స్ ఫాక్టర్ (1877 - ఆగష్టు 30, 1938) పోలండ్‌లో జన్మించి అమెరికాలో స్థిరపడిన రూపశిల్పి, సౌందర్య సాధనాల తయారీదారుడు. చలనచిత్రాలకు ప్రత్యేకమైన మేకప్‌ను రూపొందించినవారిలో అగ్రగణ్యుడు. ముఖానికి పూసే రంగు మనిషి మేనిఛాయకు, జుట్టుకు, కన్నులకు పొసగాలనే సూత్రాన్ని సామాన్య స్త్రీల వరకు తీసుకువెళ్ళాడు.

తొలి జీవితం

ఇతని అసలు పేరు మాక్సిమిలియన్ ఫాక్టరోవిచ్. అప్పట్లో రష్యా సామ్రాజ్యంలో భాగమైన పోలండ్‌లో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. బాల్యంలోనే విగ్గుల తయారీ నేర్చుకొని, రష్యాలో రంగస్థల కళాకారులకు అలంకరణ చేశాడు. యూదులపై దాడులు పెరిగిన కాలంలో, 1904లో, భార్యాపిల్లలతో అమెరికా చేరాడు. 1908లో లాస్ ఏంజెలెస్‌కు తరలివెళ్ళాడు.

చలనచిత్ర మేకప్

ఆనాటి నలుపు-తెలుపు ఫిల్ము ఎరుపు రంగును గ్రహించలేకపోయేది. అందువలన ఎర్రని బుగ్గలు, పెదవులు తెరపై నల్లగా కనిపించేవి. నాటకాలలో వాడే దళసరి పూత ఆరి పగుళ్ళు చూపేది. 1914లో ఫాక్టర్ పలుచని క్రీమును 12 ఛాయలలో తయారుచేశాడు. అన్ని రంగులనూ గ్రహించే ఫిల్ము వాడుకలోకి రాగా, 1928లో దానికి తగిన మరొక శ్రేణిని రూపొందించాడు.

రంగుల చిత్రాలలో పాత జిడ్డు పూతలు మెరిసి, చుట్టుపక్కల రంగులను ప్రతిఫలించేవి. దీనికి పరిష్కారంగా తడి స్పాంజితో అద్దుకొనే బిళ్ళ రూపంలో 'పాన్-కేక్' వచ్చింది. దీనిని 1937లో విడుదలైన 'వోగ్స్ ఆఫ్ 1938' చిత్రంలో వాడారు. మద్రాసులోని జెమినీ స్టూడియోలో కూడా పాన్‌కేక్‌ను విరివిగా వాడేవారు. అక్కడ పనిచేసిన, సికింద్రాబాదులో జన్మించిన తమిళ రచయిత అశోకమిత్రన్ తన అనుభవాలలో దీనిని ప్రస్తావించాడు.

రంగుల పొందిక

1918లో ఫాక్టర్ 'కలర్ హార్మొనీ' పేరుతో పలు ఛాయలలో ముఖానికి వేసుకొనే పౌడర్లను ప్రవేశపెట్టాడు. 1935లో హాలీవుడ్‌లో ప్రారంభించిన తన భవనంలో జుట్టు రంగును బట్టి స్త్రీలకు వేర్వేరు గదులు ఏర్పరచాడు. బంగారు రంగు జుట్టు కలవారికి నీలం గది, ఎర్రజుట్టు కలవారికి ఆకుపచ్చ గది కేటాయించాడు. గది రంగు వారి మేనిఛాయకు నప్పేలా ఎంపిక చేశాడు.

పరిమితులు

ఈ విభజన ప్రధానంగా తెల్లజాతి స్త్రీలను దృష్టిలో ఉంచుకొన్నది. నల్లజాతి స్త్రీల మేనిఛాయలకు ఇందులో తగిన చోటు లేదు. ఆ లోటును నల్లజాతి వ్యాపారులే పూరించారు. వారిలో ఆంథోనీ ఓవర్టన్ తయారుచేసిన 'హై-బ్రౌన్' పౌడరు ప్రసిద్ధి పొందింది. ఫాక్టర్ మరణానంతరం, 1940వ దశకంలో, నటి లీనా హార్న్ కోసం 'లైట్ ఈజిప్షియన్' అనే ఛాయ తయారైంది. అయితే ఆ ఛాయనే తెల్లజాతి నటీమణులకు పూసి, తనకు దక్కవలసిన పాత్రలను వారికిచ్చారని హార్న్ తరువాతి కాలంలో తెలిపింది. సరిపోయే రంగు దొరికినంత మాత్రాన అవకాశం దొరకలేదని దీనివలన తెలుస్తున్నది.

మరణం

ఫాక్టర్ 1938 ఆగష్టు 30న బెవర్లీ హిల్స్‌లో మరణించాడు. కుమారుడు ఫ్రాంక్, మాక్స్ ఫాక్టర్ జూనియర్ అనే పేరుతో సంస్థను నడిపించాడు. హాలీవుడ్‌లోని ఇతని భవనం తరువాత సినిమా మ్యూజియంగా మారింది.