గాజుల లక్ష్మీనరసు శెట్టి: రైతు మొరను రాజ్యమునకు వినిపించిన వర్తకుడు

నెల్లూరు సముద్రతీరమునందలి వాకాడు ప్రాంతమునకు ఆంగ్లేయుల వర్తకముతో పాత సంబంధము కలదు. వాకాడునకు చేరువనున్న దుగరాజపట్నమే పాశ్చాత్య చరిత్రకారులు ఆర్మగాన్ అని వ్రాసిన రేవు. 1626 ప్రాంతమున ఈస్టిండియా కంపెనీవారు అచ్చట స్థావర మేర్పరచుకొని బట్టలు కొని ఎగుమతి చేయుచుండిరి. అచ్చటి అధికారియైన ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలమును సంపాదించెను. 1801లో కర్ణాటక నవాబు రాజ్యము కంపెనీ వశమై, నెల్లూరు రైతు దాని కింద శిస్తు చెల్లించువాడయ్యెను. బట్టలు కొనవచ్చినవారు పన్నులు వసూలుచేయు ప్రభువులైరి. ఆ వసూలు ఎట్లు జరుగుచున్నదో లోకమునకు వెల్లడించినది తెలుగు బట్టల వర్తకుడొకడు. ఆయనయే గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు.

శెట్టిగారు 1806లో మద్రాసున జన్మించిరి. తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందు, బట్టల వ్యాపారి. కుమారుడు చిన్ననాటనే ఆ వ్యాపారమున ప్రవేశించి, రుమాళ్ళ ఎగుమతి వలన విశేషధనము గడించెను. సుఖముగా కాలము గడుపుటకు ఆ ధనము చాలును. కాని శెట్టిగారు దానిని ప్రజాకార్యములకు వినియోగింపదలచిరి. 1844లో ఒక ముద్రణాలయమును కొని, ఎడ్వర్డ్ హార్లీ అను ఆంగ్లేయుని సంపాదకునిగా నియమించి, క్రెసెంట్ అను ఆంగ్లపత్రికను స్థాపించిరి. పాలకుల భాషలో వ్రాసినగాని పాలకులు చదువరని ఆయన ఎరుగుదురు. ఆ పత్రిక ప్రకటనను సైతము ప్రభుత్వ గెజెటు ప్రచురింప నిరాకరించెను. ప్రభుత్వ పాఠశాలలలో బైబిలును పాఠ్యగ్రంథముగా నుంచు యత్నమును శెట్టిగారు ప్రతిఘటించి, మతవిషయమున ప్రభుత్వము తటస్థముగా నుండవలెనని మహజరులు పంపించిరి.

ఆయన జీవితమునందలి ముఖ్యఘట్టము అటుపిమ్మట వచ్చినది. 1816 నాటి నిబంధనల ననుసరించి తహసీలుదారుడే శిస్తు వసూలుచేయువాడు, పోలీసులకు అధికారియు అతడే. పంట పోయిన యేట శిస్తు కట్టలేని రైతును ఎండలో నిలువబెట్టుట, మెడకును కాలివ్రేళ్ళకును త్రాడు కట్టి వంగబెట్టుట, కఱ్ఱల నడుమ చేతివ్రేళ్ళు నలుగగొట్టుట గ్రామములలో జరుగుచుండెను. కొట్టినవాని మీద ఫిర్యాదు కొట్టినవానికే చేసికొనవలెను. కావున ఫిర్యాదులు లేకుండెను. ఫిర్యాదులు లేవు కావున హింస లేదని పైయధికారులు నమ్మిరి, లేదా నమ్మినట్లు నటించిరి.

1852లో శెట్టిగారు మద్రాసు నేటివ్ అసోసియేషనును స్థాపించిరి. మరుసటి యేడు కంపెనీ పట్టా పునర్విచారణకు రానుండెను. ఆ సమయమునకు అందునట్లు శిస్తు భారమును, చేతిపనులవారిపై విధించిన మొతర్ఫా పన్నును, ఉప్పు గుత్తాధికారమును, న్యాయస్థానముల జాప్యమును వివరించు మహజరును సంఘమువారు పార్లమెంటునకు పంపిరి. 1853లో పార్లమెంటు సభ్యుడైన డాన్బీ సేమూర్ మద్రాసునకు రాగా, శెట్టిగారు ఆయనను జిల్లాలకు తీసికొనిపోయి రైతుల దుస్థితిని ప్రత్యక్షముగా చూపించిరి. 1854లో కామన్స్ సభలో ఈ విషయము చర్చకు వచ్చినప్పుడు కంపెనీ పక్షమువారు హింస కలదను మాటను తేలికగా త్రోసివేయజూచిరి. కాని కన్నులార చూచి వచ్చిన సభ్యుడు ఆ సభలోనే ఉండెను.

ఆ యేడే ఇలియట్, స్టోక్స్, నార్టన్ అను మువ్వురితో విచారణసంఘ మేర్పడెను. ఫిర్యాదులు తెలుపుకొనవచ్చునని బహిరంగముగా ప్రకటింపగా, మూడు నెలల స్వల్పవ్యవధిలో రెండువేలకు దగ్గరగా ఫిర్యాదులు వచ్చెను. బాధితులు దూరప్రాంతముల నుండి కాలినడకను మద్రాసు చేరిరి. అన్నాళ్ళును నోరు లేదనుకొన్న రైతునకు లేనిది నోరు కాదు, వినువాడు. 1855లో వెలువడిన నివేదిక హింస నిజమని అంగీకరించెను. నేరము దేశీయోద్యోగులదే గాని దొరలది కాదని తీర్పు చెప్పుట దాని లోపము. అయినను అది అచ్చైనది. కారల్ మార్క్స్ 1857లో ఒక అమెరికా పత్రికకు వ్రాసిన వ్యాసమునకు అదియే ఆధారమయ్యెను. శిస్తు అధికారమును పోలీసు అధికారమును వేరుచేయవలెనను వాదము బలపడి, 1859 నాటి పోలీసు చట్టముతో మద్రాసు రాష్ట్రమున ప్రత్యేక పోలీసుశాఖ ఏర్పడెను.

ఆ సంఘమున పట్టణపు వర్తకులును విద్యావంతులును ఉండిరేగాని నాగలి పట్టినవారు లేరనుట సత్యమే. అయినను సాక్ష్యమును సేకరించుట, అంకెలతో వాదించుట, సంతకములు కూర్చుట, వినదగినవారి యొద్దకు దానిని చేర్చుట అను విద్యను ఈ దేశమున తొలుత నేర్పిన పాఠశాలలలో అది యొకటి. పారదర్శకమైన పాలనకై పాటుపడు యువకులకు వేతనములిచ్చి ప్రోత్సహించు సంస్థలు నేడు పలు దేశములలో కలవు. శెట్టిగారి కాలమున అట్టి ఆదరువు లేదు. పత్రికకును సంఘమునకును ఆయన వ్యాపారలాభమే నిధి.

ఆ నిధి క్రమముగా తరిగిపోయెను. ప్రభుత్వము సి.ఎస్.ఐ. బిరుదు నిచ్చెను. 1863లో మద్రాసు శాసనసభలో సభ్యత్వము లభించెను. కాని 1868లో కన్నుమూయునాటికి ఆయన నిర్ధనులు. ఆయనతో సంఘమును క్షీణించెను. 1884లో పనప్పాకం ఆనందాచార్యులు ప్రభృతులు మద్రాసు మహాజనసభను నెలకొల్పి ఆ పనిని కొనసాగించిరి.

2005లో సమాచారహక్కు చట్టము వచ్చినది. వాకాడులోని సామాన్యుడైనను తహసీల్దారు కార్యాలయమున ఒక దరఖాస్తు నిచ్చి, ప్రభుత్వ కాగితములలో ఏమున్నదో అడుగవచ్చును. 30 దినములలో సమాధాన మీయవలెనని చట్టము శాసించుచున్నది. తహసీల్దారు పేరు విన్న రైతు వణకిన దినములు గడచినవి. ఆ దరఖాస్తు వ్రాయు నేర్పును, వ్రాయుటకు వలయు ధైర్యమును విద్యార్థులకు అలవరచుట ఉపాధ్యాయుల చేతిలోని పని. శెట్టిగారు తమ సర్వస్వమును వెచ్చించి సాధింపజూచినది ఆ ధైర్యమునే.