క్రీడాగురువు రహీం

కర్నూలు, కడప ప్రాంతాల నేల కఠినమైనది. ఏడాదిలో అధికభాగం వాన కోసం ఎదురుచూసే ఈ సీమలో ఆటస్థలమంటే పచ్చిక బయలు కాదు. కంకర తేలిన ఎర్రనేల, లేదా బీటలు వారిన నల్లరేగడి. ఎండ చల్లబడిన వేళ ఆ నేలపైనే పిల్లలు వట్టి కాళ్ళతో బంతి తన్నుతారు. మోకాళ్ళు చెక్కుకుపోయినా, రక్తం తుడుచుకొని మళ్ళీ ఆటలోకి దిగినవాడే ధీరుడని తోటివారు మెచ్చుకుంటారు. నొప్పిని ఓర్చుకోవడం ఎంతవరకు ధైర్యం? ఎక్కడినుండి అది అవివేకం? ఈ ప్రశ్నను అంతర్జాతీయ క్రీడారంగంలో ఎదుర్కొన్న మహాశిక్షకుడు ఒకరు తెలుగునాట జన్మించారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై ఉపాధ్యాయవృత్తిని స్వీకరించారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల పాఠశాలల్లో పనిచేశారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయి, జీవితాంతం ఆ బాధ్యతను నిర్వహించారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పును గెలుచుకొని దేశాన్ని ఆశ్చర్యపరచింది. భారత జట్టుకు శిక్షణనిచ్చే బాధ్యత కూడా ఆయనకే లభించింది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫుట్‌బాల్ తుదిపోటీలో భారత్ ఇరాన్‌ను 1-0 తేడాతో ఓడించి స్వర్ణపతకం సాధించింది.

రహీం శిక్షణలో ఉపాధ్యాయుని క్రమశిక్షణ కనిపించేది. కుడికాలి వాటం గలవారు ఎడమకాలితోనూ, ఎడమకాలి వాటం గలవారు కుడికాలితోనూ మాత్రమే ఆడే పోటీలు ఆయన నిర్వహించేవారు. బంతిని తమవద్దనే అట్టిపెట్టుకొని ముందుకు సాగడం నిషిద్ధమైన పోటీలు మరికొన్ని. బంతిని అందుకున్న వెంటనే సహచరునికి అందించాలన్నది వాటి నియమం. దేహబలం కంటే బుద్ధిబలం మిన్న అన్న సత్యాన్ని ఆటగాళ్ళు ఈ విధంగా ఆచరణలో గ్రహించారు. బంతి కాలివద్ద ఎంత తక్కువసేపు నిలిస్తే, ప్రత్యర్థి శరీరంతో ఢీకొనవలసిన అగత్యం అంత తగ్గుతుంది.

అయితే ఆ తరం ఆటగాళ్ళకు ఒక అలవాటు ఉండేది. వారిలో అధికసంఖ్యాకులు బూట్లు లేకుండానే ఆడేవారు. దీనికి పేదరికం ఒక్కటే కారణం కాదు. 1911లో కలకత్తాకు చెందిన మోహన్ బగాన్ జట్టు దాదాపు అందరూ వట్టి కాళ్ళతోనే ఆడి ఆంగ్ల సైనికుల జట్టును ఓడించింది. నాటి నుండి నగ్నపాదం స్వాభిమానానికి చిహ్నమైపోయింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ చేతిలో 2-1 తేడాతో ఓడినా, మన వట్టి కాళ్ళ ఆటగాళ్ళను ప్రేక్షకులు మెచ్చుకున్నారు. ఆ మెప్పు అలవాటును మరింత దృఢపరచింది.

1952లో హెల్సింకీ ఒలింపిక్స్ ఆ భ్రమను తొలగించాయి. చల్లని, తడిసిన నేలపై యుగోస్లావియా జట్టు భారత్‌ను 10-1 తేడాతో చిత్తుచేసింది. జారే పచ్చికపై వట్టి కాళ్ళు పట్టు నిలుపుకోలేకపోయాయి. ఆ పరాభవం తర్వాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు ధరించడాన్ని తప్పనిసరి చేసింది. అప్పటినుండి రహీం జట్టు కొత్త అలవాటుకు కాళ్ళను మలచుకోవలసి వచ్చింది.

1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించింది. అంతవరకు ఆంధ్రరాష్ట్రానికి కర్నూలు రాజధాని. హైదరాబాదు కొత్త రాష్ట్రానికి రాజధాని కావడంతో రహీం శిష్యులు కర్నూలు, కడపవాసులకు సైతం స్వరాష్ట్రపు ఆటగాళ్ళయ్యారు. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబరు 1వ తేదీన మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ 4-2 తేడాతో ఆస్ట్రేలియాను ఓడించి సెమీఫైనల్ చేరింది. ఆ పోటీలో నెవిల్ డిసౌజా 3 గోల్స్ సాధించాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలోనూ, కాంస్యపతకపు పోటీలో బల్గేరియా చేతిలోనూ ఓడినందున భారత్‌కు నాలుగవ స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం అంతకుమించిన స్థానాన్ని మరెన్నడూ అందుకోలేదు. పాదాన్ని కాపాడుకోవడం వల్ల ఆటగాని పరువు తగ్గదని ఆ విజయం తేల్చిచెప్పింది.

రహీం జీవితంలోని అంతిమ ఘట్టం 1962లో జకార్తాలో జరిగింది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా ప్రవేశం నిరాకరించడాన్ని భారతీయ క్రీడాధికారి సోంధీ విమర్శించడంతో అక్కడి ప్రజలు భారత్‌పై ఆగ్రహించారు. మైదానంలో మన జట్టుకు అడుగడుగునా ఎగతాళి ఎదురైంది. థాయిలాండ్‌తో జరిగిన పోటీలో రక్షణశ్రేణికి మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జ్వరపీడితుడు. రహీం సాహసించి జర్నైల్‌ను రక్షణశ్రేణి నుండి తప్పించి, దాడిచేసే ముందువరుసలో నిలిపారు. సెప్టెంబరు 4న జరిగిన తుదిపోటీలో మొదట పి.కె. బెనర్జీ, వెంటనే జర్నైల్ సింగ్ గోల్ చేశారు. దక్షిణ కొరియాపై 2-1 తేడాతో భారత్ గెలిచింది.

ఈ విజయగాథను నేడు కేవలం హర్షంతో తలచుకుంటే సరిపోదు. మహాభారతంలో ద్రోణుడు ఏకలవ్యుని బొటనవ్రేలు కోరాడు. అర్జునుని అగ్రస్థానానికి మూల్యం చెల్లించినవాడు ఏకలవ్యుడు. గెలుపు కోసం శిష్యుని దేహంపై గురువుకు ఎంత హక్కు ఉంటుందన్న సందేహం అంత ప్రాచీనమైనది. జర్నైల్ స్వయంగా ఉత్సాహవంతుడైన వీరుడు. రహీం నిర్దయుడు కారు. ఆ కాలంలో తల గాయపు తీవ్రతను గుర్తించే పరిజ్ఞానం పరిమితం. గాయపడినవాని బదులు మరొకరిని దింపే వెసులుబాటు ప్రపంచ కప్పులో సైతం 1970లోనే వచ్చింది. కాని ఆ కుట్లు విడి ఉంటే, మరోసారి తలకు దెబ్బ తగిలి ఉంటే, ఈ గాథను మరొక విధంగా చెప్పుకోవలసి వచ్చేది. ఫలితం శుభమైనంత మాత్రాన ప్రమాదం లేదనుకోవడం పొరపాటు.

నేడు ప్రపంచం ఈ విషయమై లోతుగా ఆలోచిస్తున్నది. మాజీ వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్ళు మెదడు క్షీణత వ్యాధులతో మరణించే అవకాశం ఇతరులకంటే సుమారు మూడున్నర రెట్లు అధికమని 2019లో గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు వెల్లడించారు. ముంగాలి రక్షణపట్టీలు 1990 నుండి తప్పనిసరి. తలకు దెబ్బ తగిలిన ఆటగాని స్థానంలో అదనంగా మరొకరిని దింపే ఏర్పాటు 2024 నుండి ఆట నియమావళిలో చోటుచేసుకుంది. ఇటువంటి నియమాల వల్ల ఆటలోని పౌరుషం నశిస్తుందని వాదించేవారు ఉన్నారు. బూట్లు వచ్చిన నాడూ స్వాభిమానం నశిస్తుందనే కొందరు అనుకుని ఉంటారు. నాలుగేళ్ళలోనే మెల్‌బోర్న్ విజయం అందుకు సమాధానమిచ్చింది.

జకార్తా విజయం నాటికే రహీం శరీరం శిథిలమవుతూ ఉంది. క్యాన్సర్ వ్యాధితో 1963 జూన్ 11వ తేదీన ఆయన కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మరో స్వర్ణం భారత్‌కు మళ్ళీ దక్కలేదు. దశాబ్దాలపాటు మరుగునపడిన ఆయన పేరు 2024లో విడుదలైన హిందీ చిత్రం మైదాన్ వల్ల కొత్తతరానికి పరిచయమైంది.

రహీం ఆటగాళ్ళకు నేర్పిన పాఠాలలో విలువైనది బలహీనమైన కాలిని బలపరచుకోవడం. ఆయన జీవితం ఆ తర్వాతి తరాలకు నేర్పే పాఠం మరొకటి ఉంది. గాయాన్ని దాచి ఆడేవాని ధైర్యం గొప్పదే. ఆగమని చెప్పగల గురువు ధైర్యం అంతకంటే గొప్పది. సీమలోని కంకర నేలపై వట్టి కాళ్ళతో పరుగెత్తే బాలునికి నేడు కావలసినవి కాళ్ళకు ఒక జత బూట్లు, అతని మేలుకోరి ఆటను ఆపగల ఒక పెద్దదిక్కు.