కళాశాల తలుపు తెరచిన గురువు: రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు

ఆంధ్రదేశమున కళాశాలలకు భూములిచ్చిన ప్రభువులు కలరు. ధనమిచ్చిన వదాన్యులు కలరు. పాఠములు చెప్పి పేరుగాంచిన పండితులు లెక్కకు మించి కలరు. కళాశాలలో ఎవరు కూర్చుండవలెను, అందు చదివినవాడు బయటికి వచ్చి ఊరికేమి చేయవలెను అను రెండు ప్రశ్నలను జీవితమంతయు విడువక పట్టుకొన్నవారు మాత్రము అరుదు. అట్టివారిలో అగ్రగణ్యులు సర్ రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు. కృష్ణా గోదావరీ మండలములలో వారిని బ్రహ్మర్షియనియు, కులపతియనియు పిలిచెడివారు. మన తెలంగాణమునకును వారికిని గల సంబంధము మాత్రము మనలో పెక్కురకు తెలియదు. గ్రంథాలయ రజతోత్సవ సంచికలో వారిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుటకు అదియే నాకు కారణము.

వారు 1862 అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యమున సుబేదారు. సైనికుని కాపురము ఒక్కచోట నిలువదు గదా! బాలుని చదువు తెలుగునేలకు ఎడమైన చాందా పట్టణమున ఆరంభమయ్యెను. పిదప తండ్రికి హైదరాబాదునకు మార్పు కాగా నిజాము ఉన్నత పాఠశాలలో సాగెను. హిందీ, ఉర్దూ, పారసీ భాషలు ఆ బాలునకు ఇట్లు చిన్ననాటనే అబ్బినవి. పెక్కు కులములవారు, పెక్కు మతములవారు ఒక్క వీధిలో మసలు దండు బజారులలో పెరిగినవానికి, ఒక మనుష్యుడు మరియొకని నీడ తప్పించుకొని నడచుట వింతగా తోచుట వింత కాదు. ఇది నా ఊహ. చదువరులు ఊహగానే గ్రహింతురు గాక.

ఉన్నత విద్యకై ఆయన మదరాసు క్రైస్తవ కళాశాలకు పోయిరి. అందు ప్రధానాచార్యులు విలియం మిల్లరుగారు. స్కాట్లండునుండి వచ్చిన ఈ మతాచార్యుడు, విద్యార్థి తరగతిగదిలో గడపిన గంటలను మాత్రమే లెక్కించువాడు కాడు. వసతిగృహములను కళాశాలకు అంగములుగా చేసినవారిలో ఆయన ముందువాడు. గురువు శిష్యుని మతము మార్పలేదు, మనస్సును మార్చెను. నాయుడుగారు బ్రహ్మసమాజమున చేరి ఏకేశ్వరోపాసనను, కులభేద నిరాకరణమును వ్రతముగా గైకొనిరి. వివాహమైన కొలదికాలమునకే భార్య గతించినది. మరల వివాహమాడలేదు. నాటినుండి తలపాగ మొదలు పాదముల వరకు తెల్లని వస్త్రములే ధరించిరి. నెరసిన గడ్డముతో, ఆ తెలుపుతో ఉన్న వారి చిత్రపటము నేటికిని పెక్కు గ్రంథాలయముల గోడలపై కాననగును.

మచిలీపట్టణపు నోబుల్ కళాశాలలో వారు ఆంగ్లాచార్యులుగా పనిచేసిన కాలమున వారి పాఠము విన్నవారిలో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు, ముట్నూరి కృష్ణారావుగారు కలరు. వీరిరువురును కోపల్లె హనుమంతరావుగారితో కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. ముట్నూరివారు కృష్ణాపత్రికకు ప్రాణమై నిలిచిరి. పట్టాభిగారు 1923లో ఆంధ్రా బ్యాంకును నెలకొల్పిరి. ఆ బ్యాంకు 2020లో వేరొక బ్యాంకులో కలిసిపోయినది గాని, అంతవరకు మన రైతుల ఖాతాలు ఎన్నియో అందుండెడివి. ఒక్క ఆచార్యుని తరగతినుండి ఒక పత్రిక, ఒక కళాశాల, ఒక బ్యాంకు పుట్టినవనుట కొంత అతిశయోక్తియే కావచ్చును. ఐనను ఆ తరగతిలో వారికి అబ్బినది పరీక్షకు పనికివచ్చు చదువు మాత్రమే కాదని చెప్పవచ్చును.

అక్కడినుండి 1899లో సికిందరాబాదు మహబూబు కళాశాలకు ప్రధానాచార్యులై వచ్చి 1904 వరకు పనిచేసిరి. మన యూరి పేరే గల తిరుమలగిరి యొకటి ఆ సికిందరాబాదు దండు ప్రాంతమునను కలదని చదువరులెరుగుదురు. మహబూబు కళాశాల 1862లో, అనగా నాయుడుగారు పుట్టిన యేటనే, సోమసుందరం మొదలియారుగారిచే స్థాపింపబడిన విద్యాసంస్థ. ఆరవ నిజాము మహబూబు అలీఖాను పేర వెలసినది. వివేకానందస్వామి అమెరికాకు పోకముందు, 1893 ఫిబ్రవరిలో, ఉపన్యసించినది అచటనే. నాయుడుగారు అందున్న కాలముననే, 1901 సెప్టెంబరు 1న, హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమయ్యెను. దానికి మూలస్తంభములైన రావిచెట్టు రంగారావుగారు మన నల్లగొండ సీమవారు. నాయని వెంకటరంగారావుగారు నేడు సూర్యాపేట జిల్లాలోనున్న మునగాల పరగణాకు రాజా. మూడవవారు కొమర్రాజు లక్ష్మణరావుగారు. రాజ్యభాష ఉర్దూయై, తెలుగు చదువునకు ఆదరణ లేని దినములవి. ఇటు కళాశాల, అటు గ్రంథాలయము, రెండును ఒకే జంటనగరములలో ఒకే కాలమున తెలుగు యువకులకు దారి చూపుచుండెను. మన గ్రంథాలయమునకు వంశవృక్షము వ్రాయదలచినవారు ఆ 1901వ సంవత్సరమునుండియే వ్రాయవలసియుండును.

1904లో నాయుడుగారు కాకినాడకు పోయి పిఠాపురము రాజావారి కళాశాలకు ప్రధానాచార్యులైరి. 1884లో ఏర్పడిన ఆ కళాశాలలో 1919 వరకు వారుండిరి. వారి జీవితమున ఫలించిన కాలమిదియే.

ఆనాటి విద్యాలయముల తీరు నేటి పిల్లలకు చెప్పినను నమ్మరు. మాలమాదిగల పిల్లవాడు బడికి వచ్చెనా, వానికి వసారాయో చెట్టునీడయో గాని గది లేదు. ఆడపిల్ల అక్షరములు నేర్చుటయే గొప్ప; మగపిల్లలతో కూడి కళాశాలలో కూర్చుండుట ఊహకందని మాట. ప్రభుత్వమే వెనుదీయుచున్న ఆ దినములలో నాయుడుగారు తమ కళాశాలలో బాలికలను చేర్చుకొని బాలురతోపాటు ఒకే తరగతిలో కూర్చుండబెట్టిరి. పంచములని ఊరి వెలుపల నుంచబడినవారి పిల్లలను పిలిచి చదివించిరి.

ఐతే తలుపు తెరచినంతమాత్రమున లోపలికి రాగలిగినవారెందరు? ఫీజు మాఫీ చేయవచ్చును, పుస్తకములీయవచ్చును, పట్టణమున ఆ పిల్లవానికి అన్నము పెట్టువారెవరు, తలదాచుకొన చోటిచ్చువారెవరు? అద్దెకు గది అడిగిన కులమడుగుదురు. ఈ చిక్కును నాయుడుగారు స్పష్టముగా గుర్తించిరి. వారి శిష్యప్రాయుడై, వారిని గురువుగా భావించిన పిఠాపుర ప్రభువు సూర్యారావు బహద్దరుగారి ధనసహాయమున కాకినాడలో అనాథశరణాలయము, అంటరానివారనబడిన విద్యార్థులకు వసతిగృహము వెలసినవి. రాజుగారి ధనము అందుబాటులో నున్నను నాయుడుగారు తమ చేయి ముడుచుకొనలేదు. అనాథలను, దళిత బాలబాలికలను తమ ఇంటనే ఉంచుకొని పెంచిరి. పేద విద్యార్థుల ఫీజులకు వారి జీతము కరగిపోయెడిది.

పద్దులు వ్రాయుటయే వృత్తిగా గల నాకు ఎవరి చరిత్ర చదివినను జమ కన్న ఖర్చు వైపు ముందు చూచుట అలవాటు. ఉపన్యాసము జమ వంటిది. అది అందరకు వినబడును. ఖర్చు పద్దు మాత్రము ఇంటివాడొక్కనికే తెలియును. సమానత్వమును గూర్చి సభలలో మాటలాడినవారు ఆ కాలమున చాలమంది కలరు. వంటయింటిలో అదనముగా ఎన్ని గిన్నెలు కడుగవలసివచ్చెనో అని చూచిన, వారిలో చాలమంది పేర్లు కొట్టివేయవలసివచ్చును. నాయుడుగారి పేరు నిలుచును.

చదువుకై ఇల్లు విడచిన పేదపిల్లవానికి కూడు, గూడు కూడ చదువులో భాగమే అను ఈ తెలివిడి తరువాత తరముల ప్రభుత్వములకు మెల్లగా కలిగినది. మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని సర్వేలులో 1971లో గురుకుల విద్యాలయము తెరువబడినది. నేడు రాష్ట్రమంతట గురుకులములు కలవు. అట్లే గాంధీ శతజయంతి కాలమున, 1969లో, జాతీయ సేవాపథకము విశ్వవిద్యాలయములలో ప్రవేశించి, విద్యార్థులు గ్రామములకు పోయి పనిచేయుట ఒక పద్ధతిగా ఏర్పడినది. వేసవిలో బాటలు బాగుచేయుటకు, చెట్లు నాటుటకు వచ్చు కళాశాల పిల్లలను మన గ్రామములెరుగును. వారు వచ్చి పోవుదురు. నాయుడుగారి శిష్యులకు మాత్రము సేవ పది దినముల శిబిరము కాదు.

కాకినాడ శిష్యులలో ఇద్దరిని గూర్చి చెప్పక తప్పదు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారును, గుడిపాటి వెంకటచలంగారును ఆ కళాశాలలో చదివి నాయుడుగారి ప్రభావమునకు లోనైనవారే. శీలమే సర్వస్వమని బోధించిన గురువునకు చలంవంటి శిష్యుడు కలుగుట చూచి నవ్వువారు కలరు. నాకు నవ్వు రాదు. లోకమంతయు ఔనన్నదానిని కాదనుటకు ధైర్యము గురువు నేర్పెను. దేనిని కాదనవలెనో శిష్యుడు తానే ఎంచుకొనెను. చలంగారి నిర్ణయములన్నిటితో నేను ఏకీభవింపను గాని, ఆ ధైర్యము ఎక్కడిదో తెలియుచునే యున్నది.

ఇక నాయుడుగారు మిక్కిలి పట్టుదలతో నడిపిన ఉద్యమము సాంఘిక పవిత్రతోద్యమము. పెండ్లికి, విందుకు, దొరగారి రాకకు భోగముమేళము లేకున్న పరువు పోవునని తలచు కాలమది. మన ప్రాంతపు గడీలలోను ఇట్టి ముచ్చటలకు కొదువ లేదు. 1893లో మదరాసు సంస్కర్తలు, అధికారులు ఇట్టి మేళములకు పోవలదని గవర్నరుకును రాజప్రతినిధికిని విన్నపము పంపిరి, ప్రభుత్వము చెవినిడలేదు. నాయుడుగారు పైవారిపై ఆశ పెట్టుకొనక విద్యార్థులను నమ్మిరి. మేళములకు పోము, మద్యము ముట్టము అని యువకులచే ప్రతిజ్ఞ చేయించిరి. ఇంటి పెద్దలు మేళము పెట్టించిన పెండ్లికి ఆ యింటి పిల్లవాడే పోకుండుట ఆనాడు చిన్న సాహసము కాదు.

ఈ ఉద్యమమునకు మరియొక వైపు కలదు. మేళములు మానినంత మాత్రమున ఆ కులములో పుట్టిన స్త్రీకి కూడు ఎక్కడినుండి వచ్చును? సంగీత నాట్యములే జీవనాధారమైన వారికి ఆ విద్య పోగా మిగులునదేమి? బెంగళూరు నాగరత్నమ్మగారు మొదలైనవారు 1920వ దశాబ్దమున ఈ మాటయే గట్టిగా అడిగిరి. దేవదాసీ పద్ధతిని నిషేధించు చట్టము మదరాసు రాష్ట్రమున 1947లో వచ్చినది. బాలికలను ఆ బంధమునుండి విడిపించుట న్యాయమే. ఐనను పవిత్రతను గూర్చి అంత ఆలోచించిన సంస్కర్తలు, ఆ స్త్రీల భుక్తిని గూర్చి అంతగా ఆలోచింపలేదని నా అభిప్రాయము. అనాథ బాలలకు ఇల్లు తెరచిన మహనీయుని విషయమున ఈ మాట వ్రాయుట కష్టముగా ఉన్నను, వ్రాయకుండుట న్యాయము కాదు.

1919లో కళాశాల విడిచిన పిదప వారు 1923లో మదరాసు శాసనమండలిలో ప్రవేశించి ఉచిత నిర్బంధ విద్యకును, మద్యనిషేధమునకును వాదించిరి. 1924లో ప్రభుత్వము సర్ బిరుదమిచ్చెను. గాంధీమహాత్ముడు బిరుదములను, సర్కారు కళాశాలలను విడువుమని పిలిచి నాలుగేండ్లయినను కాలేదు. ఈ విషయమున జాతీయవాదులకు వారు నచ్చకుండుట సహజము. విద్యాలయమును విడచి బయటికి వచ్చిన దేశము బాగుపడునని ఒకరి మతము. విద్యాలయములోనికి అందరును వచ్చిన బాగుపడునని మరియొకరి మతము. మన దేశమునకు రెండును అవసరమయ్యెను.

1925 మొదలు మూడు సంవత్సరములు వారు మదరాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. ఆ కాలముననే, 1926లో, దానినుండి వేరుపడి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడెను. 1927లో మదరాసు విశ్వవిద్యాలయము వారికి గౌరవ డాక్టరు పట్టమిచ్చెను. సుబేదారు కుమారుడు, దండు బజారులలో అక్షరములు దిద్దినవాడు, దక్షిణ దేశమునకెల్ల పెద్దదైన విద్యాపీఠమున కూర్చుండెను. పదవీకాలము ముగిసిన పిదప ఆయన మరల తమ ప్రార్థనలకు, తమ పిల్లలకు మరలిరి. ఆ పిల్లలు ఎవరి పిల్లలని అడుగుటకు వారి ఇంట ఆచారము లేదు.

1939 మే 26న వెంకటరత్నం నాయుడుగారు పరమపదించిరి. అప్పటికి వారికి 76 ఏండ్లు. పిఠాపురము రాజావారి కళాశాల నేడు కాకినాడలో ప్రభుత్వ కళాశాలయై నడచుచున్నది. ఆడపిల్లలు, మగపిల్లలు, అన్ని కులములవారును ఒకే గదిలో కూర్చుండుట అచట ఇప్పుడెవరికిని వార్త కాదు.