లక్షల డాలర్ల ఆఫర్ వద్దన్నారు.. పేదల వెన్నకి మాత్రం నో చెప్పారు! ఎవరీ విటమిన్ డి ప్రొఫెసర్?

ఒళ్లు నొప్పులని డాక్టర్ దగ్గరికి వెళ్తే ఇప్పుడు రాసే టెస్టుల్లో విటమిన్ డి తప్పకుండా ఉంటోంది. పాల ప్యాకెట్ మీద నీలం రంగులో ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటే, ఆ పాలలో విటమిన్ ఏ, డి కలిపారని అర్థం. కాంతితో ఆహారంలోనే విటమిన్ డి పుట్టించొచ్చని వందేళ్ల కిందట చూపించిన వాళ్లలో ముందు వరుసలో వినిపించే పేరు హ్యారీ స్టీన్‌బాక్. అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీ ప్రొఫెసర్. ఆయన చేసిన మేలు ఎంత పెద్దదో, ఆయన చుట్టూ నడిచిన గొడవ కూడా అంతే పెద్దది.

1886లో విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టారు. పాడి పరిశ్రమే ఆ రాష్ట్రానికి ప్రాణం. చదువుకునే రోజుల్లోనే యూనివర్సిటీలో ఆవుల మీద జరిగిన ఓ ప్రయోగంలో పనిచేశారు. 16 పెయ్యలని నాలుగు గుంపులు చేసి, ఒకదానికి మొక్కజొన్న, ఒకదానికి గోధుమ, ఒకదానికి ఓట్స్, ఇంకోదానికి మూడూ కలిపి పెట్టారు. లెక్క ప్రకారం పోషకాలన్నీ సమానమే. కానీ మొక్కజొన్న తిన్నవి దిట్టంగా పెరిగితే, గోధుమ తిన్నవి చూపు పోయి చచ్చిన దూడలని ఈనాయి. తిండిలో లెక్కకి అందనిది ఇంకేదో ఉందని స్టీన్‌బాక్‌కి అక్కడే అర్థమైంది.

అప్పట్లో యూరప్, అమెరికా నగరాల్లో పిల్లలని రికెట్స్ పీడించేది. ఎముకలు గట్టిపడక కాళ్లు విల్లులా వంగిపోయేవి. దొడ్డికాళ్లు అంటామే, అదే. ఇరుకు సందులు, బొగ్గు పొగ.. ఎండ మొహం చూడని బాల్యం. కాడ్ లివర్ ఆయిల్ తాగిస్తే తగ్గుతుందని తెలుసు గానీ, ఆ చేప నూనె వాసనకి పిల్లలు నోరు తెరిస్తే కదా! 1919లో బెర్లిన్ డాక్టర్ కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ ఇంకో దారి చూపించారు. అల్ట్రావయొలెట్ దీపం కింద కూర్చోబెడితే పిల్లల ఎముకలు గట్టిపడుతున్నాయి.

స్టీన్‌బాక్ ఎలుకలకి రికెట్స్ తెచ్చే తిండి పెట్టి, వాటి మీద అదే కాంతి పడేలా చేశారు. కోలుకున్నాయి. అది ఊహించిందే. వింత ఎక్కడంటే.. కాంతి పడని ఎలుకలు కూడా, కాంతి పడిన వాటితో ఒకే బోనులో ఉంటే బాగుపడుతున్నాయి! అంటే కాంతి పని ఒంటి మీదే ఆగడం లేదు, బోనులో ఇంకేదో మారుతోంది. అప్పుడు ఎలుకలని వదిలేసి తిండికే లైటు పట్టించారు. ఆ తిండి తిన్న ఎలుకలకీ రికెట్స్ తగ్గింది. 1924లో ఈ ఫలితం బయటపెట్టారు. ఇంచుమించు అదే సమయంలో న్యూయార్క్‌లో ఆల్‌ఫ్రెడ్ హెస్ కూడా విడిగా ఇదే కనిపెట్టారు. ఈస్ట్ లాంటి వాటిలో ఉండే ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఈ కాంతికి విటమిన్ డి2గా మారుతుందని తర్వాత తేలింది. డి2 తయారీ ఇప్పటికీ ఈ సూత్రం మీదే నడుస్తోంది.

అసలు డ్రామా ఇక్కడే మొదలైంది. క్వేకర్ ఓట్స్ కంపెనీ ఈ పద్ధతి హక్కులు తమకి ఇమ్మని అడిగింది. ఆఫర్ దాదాపు 9 లక్షల డాలర్లని చెబుతారు. స్టీన్‌బాక్ ఒప్పుకోలేదు. సొంత డబ్బు 300 డాలర్లు పెట్టి పేటెంట్‌కి అప్లై చేసి, హక్కులు యూనివర్సిటీ పరిశోధనలకే ఉపయోగపడాలని పట్టుబట్టారు. దాంతో పూర్వ విద్యార్థులు తలా కొంత వేసుకుని 1925లో విస్కాన్సిన్ అలుమ్ని రీసెర్చ్ ఫౌండేషన్ పెట్టారు. క్వేకర్ ఓట్స్ 1927లో లైసెన్స్ తీసుకుంది. అంటే కొనాలనుకున్న కంపెనీ చివరికి ఫీజు కట్టి వాడుకుంది! పాలు, మందులు, పశువుల దాణా.. రాయల్టీ కుప్పలుగా వచ్చి మళ్లీ ల్యాబులకే వెళ్లింది. గుండె జబ్బుల వాళ్లకి తెలిసిన వార్ఫరిన్ మందు పేరులో మొదటి అక్షరాలు ఈ ఫౌండేషన్‌వే.

మరి గొడవేంటి? మందు లాంటి దానికి ప్రొఫెసర్ పేటెంట్ తీసుకోవడమేంటని అప్పుడే చాలామంది తప్పుపట్టారు. ఎవరు పడితే వాళ్లు నాసిరకం సరుకు అమ్మకుండా అడ్డుకోవడానికే అన్నది స్టీన్‌బాక్ వాదన. ఇంతవరకు న్యాయంగానే ఉంది. కానీ ఇంకో కారణం కూడా ఉంది.. మార్గరిన్. నూనెలు, కొవ్వులతో చేసే చౌక వెన్న, మన డాల్డాకి చుట్టం అనుకోండి. అందులో విటమిన్ డి కలిస్తే విస్కాన్సిన్ పాడి రైతు వెన్న ఎవరు కొంటారు? అందుకే మార్గరిన్ కంపెనీలకి ఫౌండేషన్ లైసెన్స్ ఇవ్వలేదు. సొంత రాష్ట్రం రైతు మీద ఆయన అభిమానం అర్థం చేసుకోదగ్గదే. కానీ మార్గరిన్ తినేది ఎవరు? వెన్న కొనలేని వాళ్లు. రికెట్స్ ఎక్కువగా వచ్చేది కూడా వాళ్ల పిల్లలకే.

1940ల్లో కేసు ఫెడరల్ అప్పీల్ కోర్టుకి వెళ్లినప్పుడు జడ్జీలు సరిగ్గా ఈ పాయింటే పట్టుకున్నారు. పైగా రైతులు గడ్డిని ఎండలో ఆరబెట్టినప్పుడు జరిగేది ఇదే కదా, ఎండ చేసే పనికి పేటెంట్ ఏంటని కొట్టేశారు. దాంతో ఆ పద్ధతి అందరిదీ అయిపోయింది.

అప్పటికే అమెరికాలో రికెట్స్ అరుదైపోయింది. క్రెడిట్ ఒక్కరిదే కాదు.. కాడ్ లివర్ ఆయిల్, పిల్లలని ఎండలో తిప్పాలన్న ప్రచారం కూడా పనిచేశాయి. విటమిన్ డి మీద నోబెల్ మాత్రం 1928లో జర్మనీకి చెందిన అడాల్ఫ్ విండాస్‌కి వచ్చింది. స్టీన్‌బాక్‌కి రాలేదు.

1967 డిసెంబర్ 25న స్టీన్‌బాక్ కన్నుమూశారు. ఆ మరుసటి ఏడాదే ఆయన శిష్యుడు హెక్టర్ డెలూకా ల్యాబ్, విటమిన్ డి మన రక్తంలో ఏ రూపంలో తిరుగుతుందో వివరిస్తూ పరిశోధన ప్రచురించింది. దాని పేరు 25 హైడ్రాక్సీ విటమిన్ డి. ఇవాళ మీ ల్యాబ్ రిపోర్టులో ఆ పేరు పక్కన కనిపించే నంబర్ అదే.